సరైన పత్రాలు లేనివాళ్లం

ఒక వార్త గురించి రాయాలనుకున్నాం. ఫలానా తేదీన వచ్చిన ఫలానా వార్త అని కాదు. 2014 తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పేజీల్లో లెక్కలేనన్నిసార్లు అచ్చయిన వార్త. ఊరి పేరు, గల్లీ పేరు, బండ్ల సంఖ్య మారుతుంటాయి. తక్కినదంతా అదే. తెల్లవారుజామున ఇంతమంది పోలీసులు ఫలానా కాలనీని చుట్టుముట్టారు. ఇల్లిల్లూ సోదా చేశారు. సరైన పత్రాలు లేని ఇన్ని ద్విచక్ర వాహనాలు, ఇన్ని ఆటోలు స్వాధీనం చేసుకున్నారు. ఇంతమంది అనుమానితులను అదుపులోకి తీసుకుని విచారించారు. నేరాల నివారణ కోసమే ఈ తనిఖీలని అధికారి చెప్పారు, ప్రజలు సహకరించాలని కోరారు. పక్కనే ఫొటో. వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లు, వాటి వెనక నిలబడ్డ అధికారులు. ఇంకా వెనక, ఫొటోలో సగం తెగిపోయి, దర్వాజాల దగ్గర నిలబడ్డ మా వాళ్లు.

కవిత్వం మీద, కథల మీద విమర్శ రాస్తూ వచ్చినవాళ్లం. ఈ వార్తను కూడా ఒక రచనగానే చదివి చూస్తే ఏమవుతుంది అనిపించింది. ఎందుకంటే మా గురించి తెలుగులో ఎక్కువసార్లు అచ్చయ్యే రచన ఇదే. మా కవితలు చదివినవాళ్లకంటే దీన్ని చదివినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

మొదట ఆ మాట చూడండి. 'అనుమానితులు'. ఎవరు అనుమానించారు? ఏ నేరం గురించి? వాక్యంలో ఆ సంగతి ఎక్కడా ఉండదు. దొంగ అంటే ఏదో ఒకటి దొంగిలించినవాడు. అనుమానితుడు మాత్రం ఏమీ చేయనక్కర్లేదు, ఆ పొద్దు ఆ గల్లీలో పడుకుని ఉంటే చాలు. తర్వాత 'సరైన పత్రాలు లేని వాహనాలు'. చదివేవాడికి తోచే అర్థం దొంగబండ్లని. పదకొండు గంటలకల్లా కాగితాలు చూపించి ఎంతమంది బండ్లు ఇడిపించుకున్నారో, అనుమానితుల్లో ఎంతమందిని మధ్యాహ్నానికి ఇంటికి పంపించారో చెప్పే రెండో వార్త ఒకటి ఉండాలి. అది మాకెప్పుడూ కనపడలేదు. కథ మొదలుపెట్టి ముగింపు రాయని రచయితను మేం ఊరికే వదలం గదా.

పేర్లు మాత్రం చాలా ఉన్నాయి. నాకాబందీ అన్నారు. కార్డన్ సెర్చ్ అన్నారు. దాన్ని తెలుగు చేసి నిర్బంధ తనిఖీ అన్నారు, ప్రాస కుదిరేటట్టు కట్టడి ముట్టడి అని కూడా అన్నారు. అవన్నీ మోటుగా ఉన్నాయనిపించిందేమో, తర్వాత కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం అన్నారు. ఉన్నవాటిలో 'నిర్బంధ తనిఖీ' అనేదే నిజాయితీ గల పేరు. ఏం జరుగుతుందో అందులో ఉంది.

మాకు తెలిసిన ఒక గల్లీలో, ఫజర్ నమాజుకు ఇంకా అజా కాకముందే తలుపులు కొట్టారు. ఊరి పేరు, ఠాణా పేరు రాయం. రాస్తే ఆ గల్లీకే కష్టం. రెండు దిక్కులా తాడు కట్టారు. ఆడవాళ్లు దుపట్టాలు వెతుక్కునే లోపలే లోపలికొచ్చారు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బండి ఆర్‌సీ, ఇంటి కిరాయి కాగితం. ఇద్దరు ముగ్గురు ఆడ కానిస్టేబుళ్లు కూడా వచ్చారు, ఒకామె చెప్పులు విడిచి లోపలికొచ్చింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మా పక్కింటి మెకానిక్ బండి సెకండ్ హ్యాండుది. కొన్నవాడి దగ్గర కొన్న బండి. మొదటి ఓనరు దుబాయి పోయిండు, పేరు మార్పు కాలేదు. మన జిల్లాల్లో సెకండ్ హ్యాండు బండ్లలో చాలావాటి కథ ఇదే. 'ఎవని బండిరా ఇది?' అని అడిగారు. 'నాదే సార్.' 'కాగితంల వేరే పేరుంది గద.' ఆ కాగితాన్ని ఇంగ్లీషులో నాన్-ట్రాన్స్‌ఫర్ అంటారు, నేరాల భాషలో దాని పేరు అనుమానం. బండిని డీసీఎం ఎక్కించారు. అతని చేతిలో నంబరు రాసిన పలక పెట్టలేదు కానీ ఫోనుతో ముఖం ఫొటో తీసుకున్నారు, చిన్న యంత్రం మీద వేలు పెట్టించారు. మర్నాడు పేపర్లో బండ్ల ఫొటో వచ్చింది. అతని చిన్న బిడ్డ వేలు పెట్టి చూపించింది, 'అబ్బా, మన బండి!' అని. ఆ పిల్లకు అది సంబరం.

ఇదంతా ఒక సిద్ధాంతం ప్రకారం జరుగుతున్నదని చెప్తారు. చిన్న నేరాన్ని సహిస్తే పెద్ద నేరం వస్తుంది, కాబట్టి దేన్నీ సహించవద్దు. జీరో టాలరెన్స్. ఈ మాట మన మంత్రుల నోట, అధికారుల నోట ఎన్నిసార్లు విన్నామో. దాని పుట్టుక అమెరికాలో. 1982 మార్చిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో జేమ్స్ క్యూ. విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే ఇద్దరు 'పగిలిన కిటికీలు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశారు. ఒక ఇంటి కిటికీ పగిలి, ఎవరూ బాగు చేయకపోతే, ఇక్కడ పట్టించుకునేవాడు లేడని అందరికీ తెలిసిపోతుంది, తక్కిన కిటికీలూ పగులుతాయి, ఆపైన పెద్ద నేరాలొస్తాయి అనేది వాదం. 1994లో న్యూయార్క్ మేయరైన రూడీ గిలియానీ, ఆయన పోలీసు కమిషనర్ విలియం బ్రాటన్ దీన్ని పట్టుకున్నారు. టికెట్ లేకుండా రైలెక్కినవాణ్ని, గోడమీద బొమ్మ గీసినవాణ్ని, రోడ్డుమీద కారు అద్దాలు తుడిచి పైసలడిగినవాణ్ని పట్టుకోవడం మొదలుపెట్టారు. నేరాలు తగ్గాయి. ఆ మాట ప్రపంచమంతా పాకింది.

ఆ వ్యాసాన్ని తెచ్చుకుని చదివాం. పేరు చెప్పేవాళ్లలో ఎంతమంది చదివారో తెలియదు. అందులో ఒక ఉదాహరణ ఉంది. ఫిలిప్ జింబార్డో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1969లో రెండు కార్లను రెండు చోట్ల వదిలిపెట్టి చూశాడు. ఒకటి న్యూయార్క్‌లో బీదవాళ్లుండే బ్రాంక్స్‌లో, ఇంకొకటి కాలిఫోర్నియాలో కలవారుండే పాలో ఆల్టోలో. బ్రాంక్స్‌లో కారును కొద్ది నిమిషాల్లోనే విప్పడం మొదలుపెట్టారు. పాలో ఆల్టోలో వారం దాటినా ఎవరూ ముట్టలేదు. అప్పుడు ఆ ప్రొఫెసరే సుత్తి తీసుకుని కొంత పగలగొట్టాడు, తర్వాత దారినపోయేవాళ్లు కలిశారు. కలవారి బస్తీలో మొదటి అద్దం పగలగొట్టింది చదువుకున్న పెద్దమనిషి! ఇంత మంచి వివరం ఉన్న వ్యాసాన్ని పట్టుకుని మన దగ్గరికొచ్చినవాళ్లు బ్రాంక్స్‌ను మాత్రమే గుర్తుపెట్టుకున్నారు.

ఆ వ్యాసంలోనే ఇంకొక చోటు ఉంది. రచయితలు తమను తామే అడుగుతారు: వయసో, ఒంటిరంగో, పుట్టిన దేశమో చూసి ఎవరు ఉండదగినవాళ్లు, ఎవరు కాదు అని పోలీసులు తేల్చకుండా చూడటమెట్లా? దీనికి తమ దగ్గర పూర్తి సమాధానం లేదని వాళ్లే ఒప్పుకున్నారు. మాకు వాళ్లమీద గౌరవం కలిగింది ఈ ఒక్కచోటే. సిద్ధాంతం పుట్టిన రోజే దానికి జవాబు లేని ప్రశ్న ఒకటుందని తండ్రులు రాసి పెట్టారు. బిడ్డను ఎత్తుకుపోయినవాళ్లు ఆ పేజీ చించేశారు. కెల్లింగ్ తర్వాతి రోజుల్లో తమ వాదాన్ని జీరో టాలరెన్స్ అనవద్దని కూడా చెప్పుకున్నాడు.

ఇక ఫలితాలు. న్యూయార్క్‌లో 1990లో రెండు వేల రెండు వందలకు పైగా హత్యలు జరిగాయి. 2000 నాటికి ఏడు వందల లోపుకొచ్చాయి. చిన్న సంగతి కాదు, తీసిపారేయం. కానీ తగ్గుదల గిలియానీ రాకముందే మొదలైంది. అంతకుముందు మేయర్ డేవిడ్ డింకిన్స్ హయాంలోనే వేల మంది కొత్త పోలీసులను తీసుకున్నారు. క్రాక్ అనే మత్తుమందు వ్యాపారం తనంతట తానే చల్లబడింది. శాన్ డియాగో లాంటి నగరాల్లో ఇట్లాంటి కాఠిన్యమేమీ లేకుండానే నేరాలు తగ్గాయి. అసలు పరీక్ష తర్వాత జరిగింది. ఆపి తడిమి చూడటం అనే పద్ధతి పెరిగి పెరిగి 2011లో న్యూయార్క్ పోలీసులు 6,85,724 సార్లు మనుషులను ఆపారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మీద ఏ కేసూ లేకుండా వదిలేశారు. ఆపినవాళ్లలో సగానికి పైగా నల్లవాళ్లు, మూడోవంతు లాటినోలు. 2013 ఆగస్టులో జడ్జి షైరా షైండ్లిన్ ఈ తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆపడం కొద్ది వేలకు పడిపోయింది. నగరం తగలబడుతుందని భయపెట్టారు. 2011లో 515 ఉన్న హత్యలు 2017లో మూడువందల లోపుకు దిగాయి. ఆపితేనే తగ్గుతాయన్న నేరాలు ఆపకపోయినా తగ్గాయి.

ఇంతవరకు చెప్పింది దూరపు ముచ్చట. మా అనుమానం వేరు. కరీంనగర్, ఆదిలాబాదుల్లో జరిగేదానికి న్యూయార్క్ పేరు పెట్టుకున్నారు గానీ పద్ధతి అక్కడిది కాదు. తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టడం, మగవాళ్లను బయటికి పిలిచి వరసగా నిలబెట్టడం, నీ కొడుకెక్కడ, నీ అల్లుడెక్కడ అని అడగడం, కొత్తగా కనపడినవాణ్ని పక్కకు తీయడం — ఇది మన దగ్గర పాతదే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర చేసిన తర్వాత, అక్టోబరులో, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అందుకు వాడుకున్నది 1948 నాటి మద్రాసు చట్టం. అప్పటినుంచి ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు జిల్లాల పల్లెలు కూంబింగ్ అనే మాట విని పడుకున్నాయి, అదే మాట విని లేచాయి. ఏ ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ వండారో కూడా సాక్ష్యమే. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. సభకు అనుమతి లేదన్నదే అక్కడి 'పగిలిన కిటికీ'.

ఆనాడు చుట్టుముట్టబడ్డ ఊళ్లలో దూదేకులవాళ్లు, షేకులు కూడా ఉన్నారు. కానీ అప్పుడు ఊరంతా అనుమానితమే. మాలవాడ, గొల్లవాడ, సాకలివాడ అన్నీ. తేడా ఇప్పుడొచ్చింది. ఆ పద్ధతి పల్లె దిగి టౌనుకు వచ్చేసరికి గల్లీని ఎంచుకోవడం నేర్చింది. కిరాయి ఇండ్లుండే చోటు, ఆటో డ్రైవర్లుండే చోటు, బొగ్గు బావులకు కాంట్రాక్టు కూలికి వెళ్లేవాళ్లుండే చోటు, మరీ ముఖ్యంగా మసీదు మినారు కనపడే చోటు. దళిత కాలనీలు, వడ్డెరల గుడిసెలు కూడా ఇందులో ఉన్నాయి, మాకొక్కళ్లకే జరుగుతున్నదని చెప్తే అబద్ధం. ఎరుకలను, పార్థీలను, ఇంకా ఎన్నో కులాలను పుట్టుకతోనే నేరస్తులని 1871లో తెల్లదొర చట్టం చేశాడు. 1952లో దాన్ని కొట్టేశారు. చట్టం పోయింది, కన్ను అట్లాగే ఉంది. ఆ కంటికింద వాళ్లూ మేమూ పక్కపక్కనే నిలబడి ఉన్నాం, ఒకరినొకరు ఇంకా సరిగ్గా చూసుకోలేదు.

పోలీసు అనే మాటకే మా ఇండ్లల్లో వేరే అర్థం ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ట్యాంకులతో, విమానాలతో హైదరాబాదు సంస్థానంలోకి వచ్చినదాన్ని 'పోలీసు యాక్షన్' అన్నారు. రజాకార్ల అకృత్యాలకు మేం వకాల్తా పుచ్చుకోం. తర్వాత జరిగినదాన్ని చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు అంచనా కట్టారు. ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో ఒకటి ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్. పెళ్లిళ్లు, చుట్టరికాలు గోదావరికి అటూ ఇటూ ఉన్నవాళ్లం, ఆ కథలు మాకు నానీమాల నోట అందాయి. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఫౌజు చేసినదానికి పోలీసు అని పేరు పెట్టిన భాషలో మేం పుట్టాం. అట్లాంటివాళ్లకు తలుపు దగ్గర బూటు చప్పుడు కమ్యూనిటీ కాంటాక్ట్‌గా వినపడటానికి టైం పడుతుంది.

ఒక విచిత్రం చెప్పాలి. చిన్న చిన్న తప్పులకు పెట్టే పెట్టీ కేసుల వెనక ఉన్న చట్టాల్లో ఒకటి హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం. దాని సంవత్సరం 1348 ఫసలీ, అంటే 1938-39. ఏడో నిజాం కాలం నాటిది. నిజాం పేరెత్తితే మండిపడే నాయకులు, నిజాం కట్టిన దవాఖానాకు కూడా ఆయన పేరు ఉంచడానికి ఇష్టపడనివాళ్లు, ఆయన పోలీసు చట్టాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. నిజాం వారసులమని మమ్మల్ని అంటారు. వారసత్వం ఎవరి దగ్గరుందో ఠాణా బీరువాలో చూసుకోవచ్చు.

మామూలు చట్టం ఏం చెప్తుంది? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 165వ సెక్షన్ ప్రకారం వారంటు లేకుండా సోదా చేయాలంటే ఏ వస్తువు కోసం, ఏ చోట, ఎందుకు అన్నది అధికారి ముందే రాసిపెట్టాలి. 100వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సోదాను వీడియో తీయాలని కూడా అన్నది. ఒక వస్తువు, ఒక ఇల్లు, ఒక కారణం. రెండు వందల ఇండ్లను ఒకే పొద్దు వెతకడానికి ఏ కారణం రాస్తారు? అర్ధరాత్రి తలుపు తట్టే హక్కు పోలీసులకు లేదని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. 1980లో మాలక్ సింగ్ కేసులో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి నిఘా ఉండవచ్చు గానీ అది మనిషి మర్యాదను తొక్కేటట్టు ఉండకూడదని రాశారు. 'సహకరించండి' అనే మాట ఇక్కడే పనికొస్తుంది. తలుపు తెరిచినవాడు ఇష్టపడి తెరిచాడని అర్థం. గల్లీ రెండు దిక్కులా తాడు కట్టి ఉన్నప్పుడు ఇష్టం ఎట్లా ఉంటుందో న్యాయశాస్త్రం చదివినవాళ్లు చెప్పాలి.

ఇక దేన్ని సహిస్తున్నారో కూడా చూడాలి. సహనం సున్నా అన్నప్పుడు అది అన్నిచోట్లా సున్నాయే కావాలి గదా. మా జిల్లాల్లో జనం ఎక్కువగా పోగొట్టుకునేది ఎక్కడ? గల్ఫ్ ఏజెంట్ల దగ్గర. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ముస్లింలు, పద్మశాలీలు, మున్నూరు కాపులు, మాదిగలు అని తేడా లేదు, అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టి దొంగ వీసాతో తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. లైసెన్సు లేకుండా మనుషులను పంపడం 1983 నాటి వలసల చట్టం ప్రకారం నేరం. అంటే ఆ ఏజెంటు కూడా సరైన పత్రాలు లేనివాడే. అతని కాలనీకి తాడు కట్టిన ఫొటో మేం చూడలేదు. 2022 నవంబరులో కరీంనగర్ గ్రానైట్ ఎగుమతి కంపెనీల మీద ఈడీ సోదాలు జరిగాయి. అవి ఆయా కంపెనీల మీద, ఆయా లెక్కల మీద జరిగాయి. అదే సరైన పద్ధతి. ఆ వ్యాపారుల ఇరుగుపొరుగును ఎవరూ అనుమానితులు అనలేదు. మాకూ అంతే చాలు.

భైంసా సంగతి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 2008 అక్టోబరులో భైంసాలో గొడవలు జరిగాయి, మనుషులు పోయారు. ఆ గొడవల మధ్య దగ్గరి వాటోలి గ్రామంలో ఒక ముస్లిం కుటుంబంలో ఆరుగురిని రాత్రిపూట ఇంట్లోనే తగలబెట్టారు. పిల్లలు కూడా. పగిలిన కిటికీ సిద్ధాంతం నిజంగా నమ్మేవాళ్లకు భైంసా కంటే మంచి పాఠశాల లేదు. ఊరేగింపులో వాడే మాట, గోడమీద రాత, డీజేలో పాట, మసీదు ముందు ఆగే ఐదు నిమిషాలు — చిన్న చిన్న అద్దాలు అక్కడ ఎన్ని పగిలాయో ఊరంతటికీ తెలుసు. వాటిని అప్పుడే ఆపితే వాటోలి జరగకపోను. అక్కడ మాత్రం సహనం సున్నాకు రాలేదు. 2020 జనవరిలో మళ్లీ, 2021 మార్చిలో మళ్లీ. రెండు వైపులా ఇండ్లు కాలాయి, రెండు వైపులా పిల్లలను పట్టుకుపోయారు.

మా లోపల మాట కూడా ఉంది. ఈ తనిఖీలను బస్తీలో అందరూ వ్యతిరేకించరు. గంజాయి మా గల్లీల్లోకి వచ్చిందన్నది నిజం. పదిహేనేళ్ల పిల్లలు స్కూలు మానేసి రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నారు. హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు మిషన్ చబూత్రా అని అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న పిల్లలను పట్టుకెళ్లి తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేస్తుంటే చాలామంది తల్లులు దువా ఇచ్చారు. వాళ్లను మేం తప్పుపట్టం. మేం ఈ వ్యాసం చదివి వినిపిస్తే ఒక ఖాలా అన్నది: 'మీరు రాస్తరు బేటా, నా కొడుకును ఎవరు ఆపుతరు?' మా దగ్గర జవాబు లేదు. మా పెద్దమనుషులు, మా కమిటీలు ఈ పిల్లలకు లైబ్రరీ కట్టలేదు, గ్రౌండు అడగలేదు, ఎన్నికలప్పుడు బండి, పెట్రోలు ఇచ్చి జెండా పట్టించారు. ఆ ఖాలా పోలీసును కోరుకుంటున్నది. కానీ ఆమె కోరింది తన కొడుకును కాపాడే పోలీసును. ఆమెకు దొరికింది తన కొడుకు ఫొటో తీసి దాచుకునే పోలీసు. ఈ రెండింటి మధ్య తేడా చెప్పడానికే ఇంత రాయాల్సి వచ్చింది.

ఆ ఫొటో ఎక్కడికి పోతుంది? 2018లో తెలంగాణ పోలీసులు టీఎస్‌కాప్ అనే యాప్‌లో ముఖాన్ని పోల్చి చూసే ఏర్పాటు తెచ్చారు. 2021లో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను రోడ్డుమీద ఆపి మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం ప్రకారం తీశారని ఆయన హైకోర్టుకు వెళ్లాడు. ఎంతమందిమి అట్లా అడగగలం? మెదక్‌కు చెందిన ఒక కూలీని 2023 జనవరి చివర గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరా బొమ్మలో పోలిక ఉందని పట్టుకెళ్లారు. వదిలేసిన తర్వాత ఆస్పత్రిలో పడి, తనను కొట్టిన తీరు వీడియోలో చెప్పి ఫిబ్రవరిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే ఆ కేసు తీసుకుంది. పోలిక! మా గడ్డాలు, మా టోపీలు, మా లుంగీలు దూరం నుంచి ఒకదానికొకటి పోలికగానే ఉంటాయి.

ఠాణాలో ఉండే రౌడీ షీటు కూడా ఇట్లాంటి జ్ఞాపకమే. శిక్ష పడాలని నియమం లేదు, కేసు కొట్టేసినా పేరు అట్లాగే ఉండిపోవచ్చు. ఇంకా పైన పీడీ యాక్టు ఉంది. 1986లో సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల కోసమని చేసిన చట్టం. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. 2023 సెప్టెంబరు 4న సుప్రీంకోర్టు అమీనా బేగం కేసులో, ఈ చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరు ప్రమాదకరమైన ధోరణి అని కఠినంగా అన్నది. మామూలు నేరాన్ని మామూలు చట్టంతో చూసుకోక ఇదెందుకని అడిగింది. ఆ కేసులో భర్త కోసం కోర్టుకు వెళ్లింది భార్య. 2024 మేలో అదే కోర్టు, ఠాణాల్లోని హిస్టరీ షీట్లలో వెనకబడిన కులాలవాళ్ల, మైనారిటీల పేర్లు యాంత్రికంగా ఎక్కుతున్నాయని చెప్పి రాష్ట్రాలను సరిచూసుకోమంది. మేం పదేళ్లుగా బస్తీల్లో చెప్తున్న మాట కోర్టు కాగితం మీద చూసినప్పుడు సంతోషం కాలేదు, అలసట వచ్చింది.

మెకానిక్ సంగతి మిగిలి ఉంది. బండి నాలుగో రోజు తెచ్చుకున్నాడు. దుబాయిలో ఉన్న మొదటి ఓనరు వాట్సాప్‌లో కాగితం పంపాడు, ఫైను కట్టాడు, ఒక పెట్టీ కేసు అయింది. ఆ తర్వాత ఏడాదికి అతనికే సౌదీకి వీసా మాట వచ్చింది. పాస్‌పోర్టు కోసం విచారణకు ఒకాయన ఇంటికొచ్చాడు. మంచిగనే మాట్లాడాడు, చాయ్ తాగాడు. ట్యాబులో చూసి, 'నీ మీద కేసు ఏమన్న ఉన్నదా?' అని అడిగాడు.

'బండి కేసు సార్. అది పెట్టీ కేసు. ఫైను కట్టిన.'

'చిన్నదే గద.'

'అవు సార్, చిన్నదే. మరి రాయకుండ్రి.'

'నేను రాసుడేంది, ఇండ్ల ముందే ఉన్నది.'